ప్యాడ్లా, ఆయిలా, బూస్టరా? పాత కారులో బ్రేకు తగ్గితే ముందు దేన్ని అనుమానించాలి

"బ్రేకు సరిగా పట్టట్లేదు" అని కారు తీసుకెళ్తే మొదట వినపడే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "ప్యాడ్లు మార్చేద్దాం సార్." మార్చాక కూడా అలాగే ఉంటే "బ్రేక్ ఆయిల్‌లో ఎయిర్ పట్టినట్టుంది, తీసేద్దాం." అదీ అయ్యాక "మాస్టర్ సిలిండర్ పోయింది." చివరికి బూస్టర్. చౌక సామానుతో మొదలుపెట్టి ఖరీదైన సామాను దాకా ఒక్కోటీ మార్చుకుంటూ పోవడమన్నమాట. ఎక్కడో ఒకచోట తగులుతుంది, తగిలినదాన్నే జబ్బు అనేస్తాం. 17 ఏళ్ల నా కారు విషయంలో నేనూ ఈ మెట్లలో మూడు ఎక్కాను. తీరా చూస్తే అసలు లోపం ఆ వరసలోనే లేదు. ఆ సంగతి దాని చోట చెప్తాను.

బ్రేకు తగ్గింది అనడం జ్వరం వచ్చింది అనడం లాంటిదే. ఏ జ్వరమో తెలియాలంటే పెడల్‌ని అడగాలి. పెడల్ రాయిలా గట్టిగా ఉండి బండి ఆగకపోవడం ఒకటి. స్పాంజి మీద కాలేసినట్టు మెత్తగా దిగడం ఇంకొకటి. మొదటిసారి తొక్కితే బాగా కిందికి పోయి, వెంటనే రెండోసారి తొక్కితే పైనే పట్టుకోవడం మూడోది. తొక్కి పట్టుకుంటే మెల్లమెల్లగా నేలకి దిగిపోవడం నాలుగోది. గట్టి పెడల్‌కీ తక్కిన మూడింటికీ అసలు పొంతనే లేదు. గట్టి పెడల్ ఉన్న బండికి ఎయిర్ తీయడం, మెత్తటి పెడల్ ఉన్న బండికి బూస్టర్ మార్చడం, రెండూ డబ్బు దండగే.

ఎందుకంటే పని రెండు భాగాలుగా జరుగుతుంది. కాలి బలాన్ని బూస్టర్ పెంచుతుంది, మాస్టర్ సిలిండర్ దాన్ని ఆయిల్‌లో ప్రెషర్‌గా మారుస్తుంది, పైపులు ఆ ప్రెషర్‌ని నాలుగు చక్రాలకీ మోస్తాయి. ఇదంతా ఒక భాగం. అక్కడ ప్యాడ్లు డిస్క్‌నీ, షూలు డ్రమ్మునీ ఒరుసుకుని బండిని ఆపడం రెండోది. ఆయిల్ నలగదు కాబట్టి అంతా సరిగ్గా ఉంటే పెడల్ కొద్ది దూరం దిగి గట్టిగా నిలబడాలి. అది ఎక్కువ దూరం దిగుతోందంటే దారిలో ఎక్కడో ఆ ప్రయాణం వృథా అవుతోందని అర్థం. దిగకుండానే గట్టిగా ఉండి బండి ఆగట్లేదంటే ప్రయాణంలో లోటు లేదు, బలంలోనో ఒరిపిడిలోనో ఉంది.

ఇక్కడే ప్యాడ్ల గురించి చాలామంది పొరపడే విషయం ఒకటి ఉంది. డిస్క్ బ్రేకులో ప్యాడ్లు అరిగినంత మాత్రాన పెడల్ కిందికి పోదు. ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే క్యాలిపర్‌లోని పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు సీలు, తొక్కినప్పుడు కొద్దిగా వంగి, వదిలినప్పుడు అంతే వెనక్కి లాగుతుంది. ప్యాడ్ అరిగిన మేరకు పిస్టన్ ముందుకు జరిగి అక్కడే నిలుస్తుంది. కొత్తవి 10 మిల్లీమీటర్ల పైచిలుకు మందం ఉంటే, 3 మిల్లీమీటర్లకి వచ్చినవి కూడా దాదాపు అంతే బలంగా పడతాయి. వాటిని మార్చాల్సిందే, అది వేరే మాట. కానీ "పెడల్ కిందికి పోతోంది" అన్న బండికి ముందుగా ప్యాడ్లు మార్చడమంటే, అసలు దోషిని వదిలేసి పక్కనున్నవాడిని పట్టుకోవడమే.

గట్టి పెడల్: బూస్టరా, ప్యాడ్లా?

ఈ రెండింటిలో దేన్ని ముందు చూడాలంటే నా ఓటు బూస్టర్‌కే. అది తరచుగా పోతుందని కాదు, దాన్ని పరీక్షించడానికి పానా కూడా అక్కర్లేదని. ఇంజన్ ఆపి పెడల్‌ని 5, 6 సార్లు తొక్కండి. బూస్టర్‌ని పనిచేయించే వాక్యూమ్ (గాలి లాగేయడంతో ఏర్పడే వెలితి) లోపల మిగిలినదంతా అయిపోయి పెడల్ గట్టిపడుతుంది. అలా గట్టిగా ఉన్న పెడల్ మీద కాలు అదిమి ఉంచే ఇంజన్ స్టార్ట్ చేయండి. బూస్టర్ బాగుంటే కాలి కింద పెడల్ చటుక్కున కొద్దిగా దిగుతుంది, కింద నుంచి ఎవరో లాగినట్టు. ఏ కదలికా లేకపోతే బూస్టర్‌కి వాక్యూమ్ అందట్లేదు, లేదా అందింది లోపల నిలవట్లేదు.

రెండో పరీక్ష ఇంకా తేలిక. ఇంజన్‌ని రెండు నిమిషాలు నడిపి ఆపేయండి. కొన్ని నిమిషాలు ఆగి పెడల్ తొక్కండి. మొదటి తొక్కుడు లోతుగా, రెండోది కాస్త పైన, మూడోది ఇంకా పైన ఆగాలి. మొదటి తొక్కుడే రాయిలా తగిలితే దాచుకున్న వాక్యూమ్ ఎక్కడో కారిపోయింది. ఇలాంటప్పుడు చాలామంది నేరుగా కొత్త బూస్టర్ కొంటారు. ఆగండి. బూస్టర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఒక రబ్బరు గొట్టం, దాని మీద చిన్న నాన్ రిటర్న్ వాల్వ్ ఉంటాయి. పాత గొట్టం చివర్లలో పగులుతుంది, లేదా లోపలి పొర ఊడి దారికి అడ్డం పడుతుంది. వాల్వ్‌ని బయటికి తీసి నోటితో ఊదితే ఒక వైపే గాలి పోవాలి. రెండు వైపులా పోతే అది అయిపోయినట్టే. ఈ రెండూ బూస్టర్ ఖరీదులో పిసరంత. అవి చూడకుండా బూస్టర్ విప్పితే నేను ఒప్పుకోను. బ్రేక్ తొక్కినంతసేపూ పెడల్ దగ్గర 'సుయ్' మని శబ్దం వస్తూ, దాంతోపాటు ఇంజన్ ఐడిలింగ్ కూడా తడబడుతుంటే మాత్రం బూస్టర్ లోపలి రబ్బరు పొర, అంటే డయాఫ్రమ్‌నే అనుమానించవచ్చు.

డీజిల్ బండి అయితే ఇంకో ఆలోచన. పెట్రోల్ ఇంజన్ తాను పీల్చే గాలితోనే వాక్యూమ్ పుట్టిస్తుంది. డీజిల్‌కి ఆ వీలు లేదు కాబట్టి వేరే వాక్యూమ్ పంపు ఉంటుంది, కొన్నింట్లో ఆల్టర్నేటర్ వెనకే దాన్ని బిగిస్తారు. అది అరిగిపోతే గొట్టం, వాల్వ్, బూస్టర్ మూడూ బాగున్నా పెడల్ గట్టిగానే ఉంటుంది.

పరీక్షలన్నీ నెగ్గి, పెడల్ పద్ధతిగానే ఉండి బండి మాత్రం ఆగట్లేదంటే అప్పుడు ప్యాడ్ల వంతు. చక్రం విప్పి చూస్తే కథ తెలిసిపోతుంది. ప్యాడ్ ముఖం అద్దంలా మెరుస్తోందా? అది వేడికి గాజుబారిన ప్యాడ్, డిస్క్ మీద జారుతుంది తప్ప పట్టదు. నూనెగా తడిగా ఉందా? ఆ ప్యాడ్‌ని కడిగి లాభం లేదు, పీల్చుకున్న నూనె వేడెక్కినప్పుడల్లా పైకి వస్తూనే ఉంటుంది. లోపలి ప్యాడ్ రేకులా అరిగి బయటిది కొత్తదానిలా ఉందా? క్యాలిపర్ జారే పిన్నులు బిగుసుకున్నాయి, దాంతో ఒక్క ప్యాడే పనంతా చేస్తోంది. దీనికి మందు కొత్త ప్యాడ్లు కాదు. పిన్నులు తీసి తుడిచి, రబ్బరుకి హాని చేయని బ్రేక్ గ్రీజు పూయడం. మామూలు గ్రీజు పూస్తే పిన్ను రబ్బర్లు ఉబ్బిపోయి మళ్ళీ బిగుసుకుంటాయి.

కొత్త ప్యాడ్లు వేసిన రోజే "ముందుకన్నా తగ్గింది" అనిపిస్తే కంగారు పడకండి. కొత్త ప్యాడ్ ముఖం డిస్క్ గీతలకి ఇంకా సర్దుకోలేదు. ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 20 కిలోమీటర్ల వేగానికి మెత్తగా 8, 10 సార్లు తగ్గించి, మధ్యమధ్య చల్లారనిస్తే కుదురుకుంటుంది. ఆ వేడిలో పూర్తిగా ఆపి పెడల్ తొక్కి పెట్టి కూర్చోకూడదు.

ఘాట్ దిగుతుంటే పోయే బ్రేకు: ఆయిలా, ప్యాడ్లా?

దీనికి వేరే చోటు ఎందుకంటే, ఇది గ్యారేజీలో దొరకదు. పొద్దున బాగుంటుంది, ఊళ్లో బాగుంటుంది, పొడుగాటి వాలు దిగేటప్పుడు పోతుంది, చల్లారాక మళ్ళీ వచ్చేస్తుంది. మెకానిక్ తొక్కి చూసి "బానే ఉంది కదా" అంటాడు. అబద్ధం కాదు, ఆ సమయానికి నిజంగానే బాగుంది.

ఇద్దరు అనుమానితుల్నీ విడదీసేది మళ్ళీ పెడలే. ఆ వేడిలో పెడల్ గట్టిగానే ఉండి, ఎంత తొక్కినా ఆగక, కాలిన వాసన వస్తే ప్యాడ్లు వేడికి పట్టు వదిలాయి. పెడల్ ఉన్నట్టుండి మెత్తబడి నేలకి పోతే ఆయిల్ మరిగింది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకునే రకం. డాట్ 3 (డాట్ అంకె బ్రేక్ ఆయిల్ రకాన్ని చెప్తుంది) ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. సుమారు 3.7 శాతం నీరు చేరాక ఆ లెక్క 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే 230, 155. మరిగితే ఆవిరి పుడుతుంది, ఆవిరి నలుగుతుంది, పెడల్ తొక్కిన ప్రయాణమంతా ఆ బుడగలని నలపడానికే సరిపోతుంది. చల్లారగానే ఆవిరి మళ్ళీ ద్రవమైపోయి ఆనవాలు లేకుండా పోతుంది.

కాబట్టి పాత బండికి ఆయిల్ తక్కువైతే పైన పోసి ఊరుకోవడమా, మొత్తం మార్చడమా అంటే ఆలోచించాల్సిన పనే లేదు, మార్చడమే. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి. మాస్టర్ సిలిండర్ మీదుండే డబ్బాలో ఆయిల్ టీ డికాషన్ రంగుకి వచ్చిందంటే ఎవరూ ఆ మాట వినలేదని అర్థం. పైన పోయడంలో ఇంకో చిక్కు కూడా ఉంది. ప్యాడ్లు అరిగే కొద్దీ డబ్బాలో మట్టం దానంతటదే కొంత తగ్గుతుంది. అది లీకు కాదు. మధ్యలో నింపేస్తే ప్యాడ్లు అరిగాయన్న సూచన కనపడకుండా పోతుంది, కొత్త ప్యాడ్ల కోసం పిస్టన్లు వెనక్కి నొక్కినప్పుడు ఆయిల్ పొంగి పెయింట్ మీద పడుతుంది. పడినచోట పెయింట్ లేచిపోతుంది.

డాట్ 3 అడిగిన బండిలో డాట్ 4 పోయవచ్చు, అదే మేలు కూడా. డాట్ 5 మాత్రం వద్దు. అంకె పెద్దదని మంచిదనుకోకండి, అది సిలికాన్ జాతి, మిగతావాటితో కలవదు. డాట్ 5.1 పేరు దగ్గరగా ఉన్నా మళ్ళీ డాట్ 3, 4ల కుటుంబమే. ఈ పేర్లు పెట్టిన వాళ్లకి ఒక దండం. వీటన్నిటికన్నా ఘోరం, పొరపాటున ఇంజన్ ఆయిలో పవర్ స్టీరింగ్ ఆయిలో బ్రేక్ డబ్బాలో పోయడం. రబ్బరు సీళ్లన్నీ ఉబ్బిపోతాయి, అప్పుడు సిస్టమ్‌లోని రబ్బరంతా మార్చాలి.

మెత్తటి పెడల్: గాలా, హోస్ పైపులా?

స్పాంజిలా ఉంటే మొదటి అనుమానం గాలి మీదికే పోవాలి, అందులో తేడా లేదు. ఎయిర్ తీయడం చౌక కూడా. కానీ రెండుసార్లు తీసినా స్పాంజి పోకపోతే మూడోసారి తీయకండి, ఆలోచించండి.

మా స్నేహితుడి బండికి ఇలాగే అయింది. ముందు క్యాలిపర్లు విప్పి సర్వీస్ చేయించాడు. అప్పటి నుంచి పెడల్ మెత్తన. రెండు డబ్బాల ఆయిల్ పారబోశారు, నిపుల్ (క్యాలిపర్ మీద గాలి వదలడానికి ఉండే చిన్న మర) విప్పినప్పుడల్లా బుడగ లేని శుభ్రమైన ఆయిలే వస్తోంది, పెడల్ మాత్రం అలాగే. చక్రం విప్పి పక్కన కూర్చుని చూస్తే నిపుల్ క్యాలిపర్‌కి అడుగున కనపడింది. కుడిది ఎడమకి, ఎడమది కుడికి బిగించారు. రెండూ చక్కగా సరిపోతాయి, తేడా ఏమీ తెలియదు. గాలి పైకి పోతుంది కదా, నిపుల్ కింద ఉంటే పై మూలలో చేరిన గాలి కదలకుండా కూర్చుంటుంది, కిందనుంచి ఆయిల్ మాత్రం ఎంతైనా వస్తుంది. అటుది ఇటు మార్చి ఒక్కసారి ఎయిర్ తీస్తే సరిపోయింది. నిపుల్ ఎప్పుడూ పైనే ఉండాలి. ఈ ఒక్క చూపుకి పది సెకన్లు పట్టదు.

గాలి కాకపోతే రబ్బరు హోసులు. మెటల్ పైపు నుంచి క్యాలిపర్ దాకా వంగే ముక్క అది. ముసలిదైపోతే తొక్కినప్పుడు ఏదో మింగిన పాములా ఉబ్బుతుంది. ఇంకొకరిని పెడల్ తొక్కమని, మీరు చక్రం పక్క నుంచి హోస్‌ని వేళ్లతో పట్టుకుంటే తెలుస్తుంది. కొన్ని హోసులు లోపల ఊడి వాల్వ్‌లా పనిచేస్తాయి. ఆయిల్ వెళుతుంది కానీ వెనక్కి రాదు, ఆ చక్రం పట్టేసుకుని వేడెక్కుతుంది. హోసుల్ని క్లాంపుతో నొక్కి ఒక్కో చక్రాన్నీ విడదీసి చూసే పద్ధతి ఒకటుంది. నాలుగూ నొక్కితే పెడల్ రాయిలా మారాలి, ఒక్కోటీ వదులుతూ పోతే ఏ చక్రం దగ్గర మెత్తబడితే అక్కడ దోషం. కొత్త హోసుల మీద అది బాగానే పనిచేస్తుంది. 15 ఏళ్ల హోస్‌ని నొక్కితే మాత్రం పరీక్ష అవుతుంది, హోసూ పోతుంది. అంత పాతవైతే పరీక్షించే శ్రమ కన్నా మార్చేయడమే నయం. పరీక్షించకుండా మార్చవచ్చని నేను ఒప్పుకునే సామాను ఈ హోసులూ, ఆయిలూ, అంతే.

ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండి అయితే ఆ యూనిట్ లోపల గాలి చిక్కుకోవచ్చు. కొన్నింటికి స్కానర్ పెట్టి దాని వాల్వులు, పంపు ఆడిస్తే తప్ప బయటికి రాదు.

కిందికి పోయే పెడల్: మాస్టర్ సిలిండరా, వెనక షూలా?

నా బండి కథ ఇక్కడిది. మొదటిసారి తొక్కితే పెడల్ బాగా కిందికి పోయేది, వెంటనే రెండోసారి తొక్కితే పైనే ఆగేది. సిగ్నల్స్ దగ్గర రెండుసార్లు తొక్కడం అలవాటైపోయింది. ప్యాడ్లు మార్చారు. ఎయిర్ తీశారు. మాస్టర్ సిలిండర్ కూడా కొత్తది వేశారు. వేసిన రోజు కాస్త నయమనిపించింది, టెన్షన్ తగ్గింది కదా, అందుకై ఉంటుంది. వారం తిరగకముందే మళ్ళీ రెండు తొక్కుళ్లు.

చివరికి ఒక ముసలాయన ఇంజన్ బానెట్ కూడా తెరవలేదు. సీట్లో కూర్చుని పెడల్ తొక్కాడు, వదిలాడు. హ్యాండ్ బ్రేక్ రెండు పళ్లు, అంటే రెండు టిక్కులు, పైకి లాగి, మళ్ళీ తొక్కాడు. పెడల్ పైనే ఆగింది. హ్యాండ్ బ్రేక్ దించి తొక్కాడు, కిందికి పోయింది. "వెనక షూలు దూరంగా ఉన్నాయి" అన్నాడు, అంతే.

దాని వెనక లెక్క తేలికే. వెనక డ్రమ్ములున్న కార్లలో హ్యాండ్ బ్రేక్ తీగ అవే షూలని లాగుతుంది. రెండు పళ్లు లాగితే షూలు డ్రమ్ము దగ్గరికి చేరతాయి. అప్పుడు పెడల్ బాగుపడిందంటే, ఇంతసేపూ ఆ ప్రయాణమంతా షూలని డ్రమ్ము దాకా తోయడానికే ఖర్చవుతోందని రుజువైనట్టే. మాస్టర్ సిలిండర్ లోపల లీకైతే హ్యాండ్ బ్రేక్ లాగినంత మాత్రాన పెడల్ మారదు. ఒక్క చేతి కదలికతో ఇద్దరు అనుమానితులూ విడిపోతారు. వెనక కూడా డిస్కులుంటే, లేదా హ్యాండ్ బ్రేక్‌కి విడిగా షూలుంటే ఈ చిట్కా పనికిరాదని గుర్తుంచుకోండి.

డ్రమ్ములు విప్పితే రెండు వైపులా అడ్జస్టర్ పళ్లచక్రం తుప్పు పట్టి కదలట్లేదు. షూలు అరిగే కొద్దీ ఆ చక్రం ఒక్కో పన్నూ తిరిగి ఖాళీని పూడ్చాలి. కొన్ని బండ్లలో మామూలుగా బ్రేక్ తొక్కినప్పుడే, కొన్నింట్లో రివర్స్‌లో తొక్కినప్పుడు, కొన్నింట్లో హ్యాండ్ బ్రేక్ లాగినప్పుడు అది తిరుగుతుంది. నాది తిరగడం ఎప్పుడో మానేసింది. పైగా హ్యాండ్ బ్రేక్ మరీ పైకి వస్తోందని ఎప్పుడో ఎవరో కింద తీగ బిగించేశారు. తీగ బిగిస్తే హ్యాండ్ బ్రేక్ బాగున్నట్టు కనపడుతుంది, కానీ షూ దగ్గరి లివర్ పూర్తిగా వెనక్కి రాక అడ్జస్టర్ పని ఇంకా పాడవుతుంది. ముందు షూలు సర్దాలి, తీగ జోలికి ఆ తర్వాతే పోవాలి. అడ్జస్టర్లని తీసి తుడిచి, మరలకి కొద్దిగా గ్రీజు రాసి, డ్రమ్ము వేసి చేత్తో తిప్పితే సన్నగా రాసుకుంటున్న శబ్దం వచ్చేదాకా సర్దారు. కొత్తగా వేసిన సామాను ఏదీ లేదు. ఈ పని చేసేటప్పుడు ఎడమది కుడికి మారకూడదు. చాలా బండ్లలో వాటి మరలు ఒకదానికొకటి ఎదురుగా తిరుగుతాయి, మారితే బిగాల్సింది వదులవుతుంది.

డ్రమ్ము విప్పినప్పుడు వీల్ సిలిండర్ రబ్బరు టోపీ అంచుని కొద్దిగా పైకెత్తి చూడండి. లోపల తడి ఉంటే అది లీకే. డ్రమ్ములోని పొడిని మాత్రం గాలి కొట్టి ఎగరగొట్టవద్దు. పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, తడి గుడ్డతో తుడవడమే మంచిది.

మరి మాస్టర్ సిలిండర్ మీద ఎప్పుడు అనుమానం పడాలి? నాలుగో రకం పెడల్ అయినప్పుడు. బండి నిలబెట్టి పెడల్‌ని మధ్యస్తంగా తొక్కి అలాగే అర నిమిషం పట్టుకోండి. ఇంజన్ ఆన్‌లో ఒకసారి, ఆఫ్‌లో ఒకసారి. కాలి కింద మెల్లగా దిగిపోతూ ఉంటే, ఎక్కడా ఆయిల్ కారకుండా డబ్బాలో మట్టం కూడా తగ్గకపోతే, లోపలి సీళ్లు దాటి ఆయిల్ వెనక్కి జారుతోంది. మట్టం తగ్గుతూ, బయట తడి కనపడకపోతే మాస్టర్ సిలిండర్‌ని బూస్టర్ నుంచి విప్పి వెనక చూడండి. చాలాసార్లు ఆయిల్ బూస్టర్ కడుపులోకి చేరుతుంది.

కిట్టా, కొత్త సిలిండరా?

కిట్ అంటే రబ్బరు సీళ్ల సెట్టు. ఖర్చు బాగా తక్కువ. సిలిండర్ లోపలి గోడ నున్నగా ఉంటే కిట్ ఏళ్లపాటు నడుస్తుంది. అందుకే విప్పాక తుడిచి, వెలుతురులో పట్టుకుని చూసి, గోరుతో తడమాలి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే కిట్ దండగ, కొత్త సీలు ఆ గుంట మీద కొద్ది రోజుల్లోనే చిరుగుతుంది. పాత ఇనుప సిలిండర్లని హోన్ చేసి నున్న చేసేవారు. అల్యూమినియం వాటిని అలా గీకితే పై పూత పోతుంది, కాబట్టి అల్యూమినియం సిలిండర్‌లో గుంట కనపడితే కొత్తదే కొనడం మేలు. కొత్తది బిగించే ముందు బల్ల మీదే దానిలో ఆయిల్ పోసి గాలి తీయాలి. బండికి ఎక్కించాక తీద్దామనుకుంటే మూడు రెట్లు తిప్పలు.

దీనికి ముడిపడినదే ఎయిర్ తీసే పద్ధతి కూడా. ఒకరు పెడల్ తొక్కుతుంటే ఇంకొకరు నిపుల్ విప్పడం వేగంగా అయిపోతుంది, అందరూ చేసేది అదే. కానీ అలా తొక్కినప్పుడు పెడల్ నేలదాకా పోతుంది. రోజువారీ వాడకంలో సీలు ఎన్నడూ వెళ్లని చోటది, పాత సిలిండర్‌లో అక్కడ తుప్పూ మడ్డీ ఉంటాయి. బాగున్న సీలు ఆ ఒక్కరోజులో చిరిగిపోవచ్చు. "ఆయిల్ మార్చాకే బ్రేకు పోయింది" అన్న ఫిర్యాదుల్లో ఇది ఒక కారణం. నిపుల్‌కి గొట్టం తగిలించి, ఆయిల్‌ని దాని బరువుకే నెమ్మదిగా కారనిస్తే ఈ ప్రమాదం లేదు, ఒక్కడివే చేసుకోవచ్చు. టైము పడుతుంది, డబ్బా ఖాళీ కాకుండా నింపుతూ ఉండాలి. తొక్కే పద్ధతే తప్పదంటే పెడల్ కింద ఒక చెక్క ముక్క పెడితే చాలు, నేలదాకా పోదు. పాత బండికి నేను కారనిచ్చే పద్ధతికే మొగ్గుతాను.

ఏ చక్రం పని చేస్తోంది?

పెడల్ చెప్పలేని సంగతి ఇది. పది నిమిషాలు మామూలుగా నడిపి, కొన్నిసార్లు బ్రేక్ వేసి ఆపి, నాలుగు చక్రాల దగ్గరా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ చూపండి. అది లేకపోతే చక్రం దగ్గర చెయ్యి పెట్టి వేడి తెలుసుకోండి, డిస్క్‌ని మాత్రం తాకవద్దు, చర్మం కాలుతుంది. ముందు చక్రాలు వెనకవాటికన్నా వేడిగా ఉండటం సహజం. చూడాల్సింది ఎడమ, కుడి తేడా. ముందు ఎడమది వేడిగా, కుడిది చల్లగా ఉంటే కుడి క్యాలిపర్ బిగుసుకుందో, దాని హోస్ మూసుకుపోయిందో. అలాంటి బండి బ్రేక్ వేస్తే ఎడమకి లాగుతుంది. వెనక రెండూ పూర్తిగా చల్లగా ఉంటే షూలో, వెనక ఇరుసు మీద బరువుని బట్టి ప్రెషర్ సర్దే వాల్వ్ ఇరుక్కుందో చూడాలి. రోలర్ల మీద చక్రాలు ఆడించి ఒక్కో దాని బలం అంకెల్లో చూపే యంత్రం ఉంటే అది దీనికన్నా నమ్మకం. లేకపోతే ఈ వేడి లెక్క చాలు.

పెడల్ ఉన్నట్టుండి నేలకి తగిలినా, బ్రేక్ ఎర్ర లైటు వెలిగినా పరీక్షలు పెట్టుకోకండి, బండి నడపకండి. బ్రేక్ లైను రెండు భాగాలుగా ఉంటుంది కాబట్టి ఒకటి పోయినా రెండోది కొంత ఆపుతుంది. ఆ మిగిలిన సగాన్ని నమ్ముకుని గ్యారేజీ దాకా వెళ్దామనుకోవద్దు, లాగించుకుని వెళ్లండి. ఇంట్లో చేసుకునేవాళ్లు బండిని జాకీ మీద వదిలేసి కిందికి దూరవద్దు, స్టాండు పెట్టాలి.

మెకానిక్ దగ్గరికి వెళ్ళినప్పుడు "బ్రేకు తగ్గింది" అనకండి. "మొదటి తొక్కుడు కిందికి పోతోంది, రెండోది పైన ఆగుతోంది, హ్యాండ్ బ్రేక్ రెండు పళ్లు లాగితే మొదటిదే పైన ఆగుతోంది, అర నిమిషం పట్టుకున్నా దిగట్లేదు" అని చెప్పండి. అప్పుడు అతను ప్యాడ్ల అట్టపెట్టె కాదు, వెనక డ్రమ్ము విప్పే సుత్తి తీసుకుని వస్తాడు.